చైనా మిటెన్ పీత: కండకో జవాబు, గుజ్జుకో జవాబు

1912లో జర్మనీలోని ఆలర్ నదిలో ఒక కొత్త పీత దొరికింది. అక్కడి జాలరులు అంతకుముందు ఎన్నడూ చూడని రకం. డెక్కల చుట్టూ గోధుమరంగు నూగు దట్టంగా అల్లుకుని, ఊలు తొడుగులు వేసుకున్నట్టుంది. శాస్త్రీయ నామం ఎరియోకీర్ సైనెన్సిస్, వాడుకలో చైనా మిటెన్ పీత. చైనా తూర్పు తీరంలోనూ కొరియాలోనూ నదుల్లో పుట్టి పెరిగే ప్రాణి అది. ఓడలు బరువు సరిపోవడానికి అడుగున నింపుకునే నీటితో పాటు యూరప్ చేరిందన్నది శాస్త్రవేత్తల బలమైన అంచనా. 1930ల నాటికి ఎల్బ నదిలో కుప్పలు తెప్పలయింది. 1935లో లండన్‌లో థేమ్స్ ఒడ్డున లాట్స్ రోడ్ విద్యుత్ కేంద్రం దగ్గర పట్టుబడింది. 1992లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో రొయ్యల వలలకు చిక్కింది.

ఈ పీత బతుకులో ఎక్కువ భాగం మంచినీటిలోనే గడుస్తుంది. కొన్నేళ్లు నదిలో పెరిగి, శరదృతువు రాగానే గుడ్లు పెట్టడానికి ఉప్పునీటి వైపు దిగివస్తుంది. పిల్లలు మళ్లీ నదిలోకి ఎగబాకుతాయి. ఆ ప్రయాణంలో గట్లను తొలిచి బొరియలు చేస్తాయి, గట్లు కూలతాయి. వలలు చింపి, వలలో పడ్డ చేపలను కొరికేస్తాయి. యూరప్ దేశీయ క్రేఫిష్‌లను తుడిచిపెట్టే ప్లేగు రోగాన్ని కూడా మోసుకు తిరుగుతాయని తేలింది. 1998 శరత్తులో కాలిఫోర్నియాలోని ట్రేసీ దగ్గర, కాలువ పంపుల్లో పడిపోకుండా చేపలను కాపాడే కేంద్రంలోకి లక్షల సంఖ్యలో ఈ పీతలే వచ్చిపడ్డాయి. చేపల కోసం కట్టిన తొట్లు పీతలతో నిండిపోయాయి.

ఇదే పీతను చైనాలో ఏటా 7 లక్షల టన్నులకు పైగా పెంచి తింటున్నారు. జియాంగ్సు రాష్ట్రంలోని యాంగ్‌చెంగ్ సరస్సు పీతకున్న పేరు మన దగ్గర పులసకున్న పేరుకు తీసిపోదు. అలాంటప్పుడు యూరప్ వాళ్లు కూడా పట్టి తినేస్తే నదికి మేలు, పొట్టకు మేలు కదా అన్న ఆలోచన రావడం సహజం. పత్రికల్లో, వంటల కార్యక్రమాల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. నేను చదివిన పరిశోధనలను బట్టి చెప్పగలిగింది ఒకటే: ఈ ప్రశ్నకు పీత మొత్తానికి కలిపి ఒక జవాబు లేదు. ఏ నీటిలో పెరిగింది, ఏ భాగం తింటున్నాం, ఎంతసేపు ఉడికించాం, తినేది ఎవరు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. మారడం కూడా కొద్దిపాటి తేడాతో కాదు.

ముందు పీతను విప్పి చూద్దాం. ఉడికిన పీతను వెల్లకిలా తిప్పితే పొట్ట మీద ముడుచుకున్న మూత కనిపిస్తుంది. ఆడపీతకైతే గుండ్రంగా, మగపీతకైతే కోసుగా ఉంటుంది. దాన్ని లాగేసి వీపు పెంకును పైకెత్తితే, రెండు పక్కలా బూడిదరంగు మొప్పలు, ముందు వైపు చిన్న సంచిలాంటి పొట్ట, వీటి మధ్య పసుపుపచ్చగా, మెత్తగా గుజ్జు ఉంటాయి. ఆ గుజ్జు ఉత్త కొవ్వు ముద్ద కాదు. మనకు కాలేయమూ క్లోమమూ చేసే పనులు రెండూ చేసే గ్రంథి అది. శరత్తులో ఆడపీతకు దానితో పాటు గుడ్డు, మగపీతకు తెల్లని జిగురు ముద్ద తోడవుతాయి. ఇవి కాక కాళ్లలో, డెక్కల్లో, రొమ్ము గదుల్లో ఉండేది తెల్ల కండ.

తెల్ల కండ విషయంలో పోషకాహార లెక్క సూటిగానే ఉంది. 100 గ్రాముల కండలో సుమారు 16 నుంచి 19 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు ఒకటి రెండు గ్రాములు. జింక్, సెలీనియం, బి12 విటమిన్ బాగా ఉంటాయి. పీత రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుము కాదు, రాగి. కాబట్టి రాగి కూడా దండిగా దొరుకుతుంది. శరీరానికి అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ ఉన్న ప్రోటీన్ ఇది. ఇంతవరకు పేచీ లేదు. కానీ పరిమాణం చూడాలి. మిటెన్ పీత చిన్నది, వీపు పెంకు వెడల్పు ఎదిగిన పీతకు కూడా దాదాపు 8 సెంటీమీటర్లకు మించదు. పీత బరువులో తినగలిగింది అటూ ఇటూగా మూడో వంతు. అందులో గుజ్జు, గుడ్డు పోను మిగిలే కండ ఇంకా తక్కువ. 150 గ్రాముల పీతలో 25, 30 గ్రాముల కండ వచ్చిందనుకుంటే దక్కే ప్రోటీన్ ఒక కోడిగుడ్డు పాటి కూడా ఉండదు. కడుపు నింపే తిండిగా ఈ పీతను చూపించేవారు ఈ లెక్క చెప్పరు.

చైనాలో దీనికి అంత ధర పలికేది కండ వల్ల కాదు. గుజ్జు వల్ల, గుడ్డు వల్ల. ఆవిరి మీద ఉడికించి, అల్లం వేసిన సిర్కాలో అద్దుకుని, ముందు తినేది దాన్నే. పోషకాల పరంగా కూడా అదే ఘనమైనది. పీత ఆహారాన్ని బట్టి, రుతువును బట్టి ఆ గ్రంథి బరువులో ఐదో వంతు మొదలు మూడో వంతు పైదాకా కొవ్వే ఉంటుంది. చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ఇందులో ఉన్నాయి. కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే. చిక్కంతా ఈ కొవ్వులోనే ఉంది.

యూరప్‌లో మిటెన్ పీతలు దండిగా ఉన్న చోట్లు ఏవి? థేమ్స్, రైన్, మ్యూజ్, ఎల్బ నదుల దిగువ భాగాలు. వందేళ్లకు పైగా రసాయన కర్మాగారాలు, విద్యుత్ పరికరాల పరిశ్రమలు, ఓడరేవులు తమ మురుగు కలిపిన నదులు అవి. ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడిన పీసీబీలు, దహనంలోనూ రసాయన తయారీలోనూ పుట్టిన డయాక్సిన్లు అడుగు బురదలో పేరుకున్నాయి. పీసీబీల తయారీ ఆగి దశాబ్దాలయినా బురదలోవి పోలేదు. పీత బతుకు బురదలోనే. తినేది బురదలోని పురుగులను, నత్తలను, కుళ్లిన ఆకులను. ఈ విషాలు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. కొవ్వు ఎక్కడుందో ఇప్పుడే చూశాం.

ఈ సంగతిని సూటిగా కొలిచిన పని లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రవేత్త పాల్ క్లార్క్ బృందానిది. తినడం ద్వారా ఈ పీతను అదుపు చేయవచ్చా అన్న ప్రశ్ననే పెట్టుకుని థేమ్స్ పీతల్లో డయాక్సిన్లను, పీసీబీలను కొలిచి 2009లో ప్రచురించారు. విషాల మోతాదు ఎక్కువగానే ఉందని, అయితే మితంగా తింటే ఆందోళన పడక్కర్లేదని వారు తేల్చారు. నెదర్లాండ్స్‌లో కథ ఇంకొక మలుపు తిరిగింది. అక్కడి పెద్ద నదుల్లో ఈల్ చేపలు, మిటెన్ పీతలు డయాక్సిన్లతో నిండి ఉన్నాయని తేలడంతో 2011 ఏప్రిల్ నుంచి ఆ నీళ్లలో రెండింటి వేటనూ ఆపేశారు. ఆ తరువాత డచ్ పరిశోధకులు గుజ్జును, కండను వేరుచేసి కొలిచారు. కండలో స్వల్పంగా ఉంటే, కలుషిత నదుల పీతల గుజ్జులో గ్రాముకు పదుల పికోగ్రాములు తేలాయి.

పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఇంత చిన్న లెక్కకు భయపడాలా అనిపిస్తుంది. డయాక్సిన్లు ఒకటి కాదు. డయాక్సిన్, ఫ్యూరాన్ రకాలు 17, వాటిలా ప్రవర్తించే పీసీబీలు 12, మొత్తం 29 పదార్థాల విషశక్తిని కలిపి ఒకే అంకెగా చెబుతారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో ఒక మనిషి జీవితాంతం వారానికి ఎంతవరకు తీసుకోవచ్చో మళ్లీ లెక్కగట్టి, కిలో శరీర బరువుకు 2 పికోగ్రాములని చెప్పింది. అంతకుముందు ఆ హద్దు 14. అంటే ఒక్కసారిగా ఏడో వంతుకు దించింది. ఇక్కడే పాత పరిశోధనను కొత్త కళ్లతో చదవాల్సి వస్తుంది. 2009 నాటికి బ్రిటన్‌లో అమల్లో ఉన్న కొలబద్ద కిలోకు రోజుకు 2 పికోగ్రాములు, అంటే వారానికి 14. నాటి భరోసాను నేటి హద్దుకు అలాగే అంటగట్టకూడదు. బ్రిటన్‌లోని నిపుణుల సంఘం ఈ కొత్త హద్దుతో పూర్తిగా ఏకీభవించలేదన్నది కూడా చెప్పాలి. అయినా పిల్లల విషయంలో, పిల్లలను కనబోయే వారి విషయంలో నేను తక్కువ హద్దు వైపే నిలబడతాను. ఎందుకంటే ఆ హద్దుకు ఆధారం రష్యాలో మగపిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనం. చిన్నతనంలో రక్తంలో డయాక్సిన్లు ఎక్కువున్నవారికి పెద్దయ్యాక వీర్యకణాలు తగ్గాయని అది చూపింది.

అంకెలు వేసి చూస్తే విషయం తేటపడుతుంది. 60 కిలోల మనిషికి వారం హద్దు 120 పికోగ్రాములు. 2016 నవంబరులో హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం చైనా ప్రధాన భూభాగం నుంచి వచ్చిన రెండు మిటెన్ పీత నమూనాల్లో, ఆహారానికి అక్కడున్న హద్దు దాటిన డయాక్సిన్లను పట్టుకుంది. ఒకదానిలో గ్రాముకు 40.3 పికోగ్రాములు. అలాంటి పీత మూడు గ్రాములు తింటే వారం కోటా అయిపోయినట్టే. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, అది యూరప్ బురదలో పెరిగినది కాదు, సొంత దేశంలో పెంచినదే. కాబట్టి పెంపకపు పీత అనగానే శుభ్రమని అనుకోకూడదు. రెండు, అలాంటి పీత ఒకసారి తిన్నంత మాత్రాన ఎవరూ జబ్బు పడరు. డయాక్సిన్లు ఒంట్లో సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది. ఏళ్ల తరబడి పోగుపడే విషాన్ని బట్టి వేసిన హద్దు అది. పండక్కి ఒక పీత తిన్న పెద్దవారికీ, ప్రతి శరత్తులో వారం వారం తినే గర్భిణికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు.

ఇక నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే విషయం చట్టంలో ఉంది. యూరప్‌లో డయాక్సిన్లు, కాడ్మియం అనే విషలోహం వంటి వాటికి పీత మాంసంలో గరిష్ఠ హద్దులున్నాయి. ఆ హద్దు వర్తించేది కాళ్లు, డెక్కల్లోని కండకు మాత్రమే. వీపు పెంకు కింది గుజ్జుకు హద్దు లేదు. డెక్కల కండనే ప్రధానంగా తినే యూరప్ అలవాటును దృష్టిలో పెట్టుకుంటే అందులో అర్థముంది. గుజ్జులో కాడ్మియం ఎక్కువన్న సంగతి తెలిసే 2011లో యూరోపియన్ కమిషన్ పీతల గుజ్జు తక్కువగా తినమని వినియోగదారులకు సూచన ఇచ్చింది. కానీ మిటెన్ పీతను కొనేవారిలో ఎక్కువమంది తూర్పు ఆసియా కుటుంబాలు. వారు కొనేదే గుజ్జు కోసం. పరీక్ష ఒక భాగానికి, భోజనం ఇంకొక భాగం. పరీక్షలో నెగ్గింది అన్న ముద్ర అలాంటి చోట తినేవారిని కాపాడదు.

ఉడికిస్తే పోతుంది కదా అంటే, పోదు. వంటింటి వేడికి డయాక్సిన్లూ చెదరవు, కాడ్మియమూ చెదరదు. పైగా నార్వే తీరంలో దొరికే గోధుమరంగు సముద్రపు పీత మీద జరిగిన పరిశోధనలో, పీతను మొత్తంగా ఉడికించినప్పుడు గుజ్జులోని కాడ్మియం కొంత తెల్ల కండలోకి చేరినట్టు తేలింది. ఆ పీత వేరు, ఈ పీత వేరు. అయినా గుజ్జును వేరుచేసే పని ఉడికించిన తరువాత కాకుండా ముందే చేయడం మంచిదనడానికి ఇది చాలు.

వేడి పనికొచ్చేది వేరే శత్రువు మీద. ఊపిరితిత్తుల పురుగు పారగోనిమస్. దాని బతుకు మూడు ఇళ్లలో సాగుతుంది: మొదట మంచినీటి నత్త, తరువాత పీత లేదా క్రేఫిష్, చివరికి పులి, కుక్క, మనిషి వంటి క్షీరదం. పచ్చి పీతను తిన్నప్పుడు కంటికి కనిపించని తిత్తులు కడుపులో చేరి, పేగును తొలుచుకుని, ఉదర వితానం దాటి ఊపిరితిత్తుల్లో స్థిరపడతాయి. నెలల తరబడి దగ్గు, తుప్పురంగు కళ్లె, నెత్తురు. 1878లో డచ్ శాస్త్రవేత్త కెర్బర్ట్ ఈ పురుగును మొదట వర్ణించింది అమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయిన బెంగాల్ పులి ఊపిరితిత్తుల నుంచే. చైనాలో సారాలో నానబెట్టిన పచ్చి పీతలు, కొరియాలో సోయా రసంలో ఊరవేసిన పీతలు దీనికి పాత దారులు. సారా, ఉప్పు, సిర్కా తిత్తులను చంపుతాయని నమ్మకూడదు.

యూరప్ నదుల మిటెన్ పీతల్లో ఈ పురుగు నిలదొక్కుకోలేదు. దానికి కావలసిన నత్తలు అక్కడ లేకపోవడమే కారణం. మన దేశంలో మాత్రం ఇది పుస్తకాల జబ్బు కాదు. 1980ల మొదట్లో మణిపూర్‌లో వైద్యులు దీన్ని గుర్తించారు. ఆ తరువాత నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లలోనూ బయటపడింది. అక్కడి కొండవాగుల పీతల్లో ఉండేది ఎక్కువగా పారగోనిమస్ హెటెరోట్రీమస్. నెత్తురు పడే దగ్గు అనగానే క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులు వాడినవారు, తగ్గక మళ్లీ మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిరిగినవారు ఆ పరిశోధనల నిండా ఉన్నారు. కళ్లెలో పురుగు గుడ్ల కోసం వెతికితే దొరికే జబ్బు, ప్రాజిక్వాంటెల్ మందు రెండు మూడు రోజులు సరిగా వాడితే నయమయ్యే జబ్బు. వైద్యుడు 'పీత తిన్నావా' అని ఒక్క మాట అడిగితే ఎంత బాధ తప్పేదో!

పీత లోపలి భాగం 63 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉడికించమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా. మరిగే నీటిలోనో ఆవిరిలోనో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే ఆ వేడి తేలిగ్గా చేరుతుంది. పచ్చి పీతను కోసిన కత్తి, పీట, చేతులు కడగకుండా ఉల్లిపాయ, కొత్తిమీర తరిగితే మాత్రం ఉడికించిన ఫలితం ఉండదు. తిత్తులు ఆ దారినా వస్తాయి. పెంకు జీవుల ఎలర్జీ ఉన్నవారికి వేడి ఏ రక్షణా ఇవ్వదు. ట్రోపోమయోసిన్ అనే ఆ ప్రోటీన్ ఉడికినా చెడదు. చచ్చి పడి ఉన్న పీతను వండకూడదన్నది చైనాలోనూ మన గోదావరి ఒడ్డునా ఒకేలా పాటించే నియమం. పీత చచ్చాక సూక్ష్మజీవులు త్వరగా పెరిగి హిస్టమిన్ వంటివి తయారవుతాయి.

తినడం వల్ల పీతలు తగ్గుతాయా? ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఉన్న ఆధారం బలహీనం. ఒక్కో ఆడపీత లక్షల్లో గుడ్లు పెడుతుంది. పైగా వ్యాపారులకు కావలసింది శరత్తులో కొవ్వెక్కిన పెద్ద పీతలే, గట్లు తొలిచే పిల్ల పీతలు కావు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ధర పలికే ప్రాణిని ఎవరో ఒకరు కొత్త నీళ్లలో వదలాలని చూస్తారు. అమెరికా 1989లోనే ఈ పీతను హానికర జాతుల జాబితాలో చేర్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో అది తేలడానికి మూడేళ్ల ముందు మాట! అయినా వచ్చింది. ఎవరైనా కావాలనే వదిలారన్న అనుమానం పరిశోధకుల్లో నేటికీ ఉంది. యూరోపియన్ యూనియన్ 2016లో తన తొలి ఆక్రమణ జాతుల జాబితాలో దీన్ని పెట్టింది. ప్రాణంతో ఉంచుకోవడం, తరలించడం, అమ్మడం నిషేధం. అదుపు చర్యలో భాగంగా సభ్యదేశాలు ఇచ్చే పరిమిత అనుమతులే మినహాయింపు. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది బెల్జియంలో గ్రోబెన్‌డాంక్ దగ్గర నది అడుగున అడ్డంగా కట్టిన పీత కాలువ. అడుగున నడిచే పీతలు అందులో పడి గొట్టాల గుండా పెట్టెల్లోకి చేరతాయి, పైన ఈదే చేపలకు ఏమీ కాదు. లక్షల పీతలు అలా పట్టుబడ్డాయి. 2023లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో అలాంటిదే బిగించారు. పట్టిన పీత ఎవరి కంచంలోకి పోతుందన్న దానితో సంబంధం లేకుండా పనిచేసే పద్ధతి ఇది.

పీత మీద తొందరపడి నేరం మోపడమూ తప్పే అనడానికి మన పక్క రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా హందిగోడులో 1970ల మధ్యలో కొన్ని పేద కుటుంబాల్లో తుంటి, మోకాళ్ల కీళ్లు అరిగి మనుషులు వంగిపోవడం బయటపడింది. పురుగుమందు కొట్టిన వరిమళ్లలో పీతలు పట్టి తినడమే కారణమన్న మాట దేశమంతా పాకింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వెళ్లి చూసి, ఇది కుటుంబాల వెంట నడుస్తున్న కీళ్ల జబ్బని గుర్తించారు. తరువాతి అధ్యయనాలు దాన్ని తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి పిల్లలకు వచ్చే ఎముకల లోపంగా వర్ణించాయి. పేదవాళ్ల తిండి మీద పడిన అనుమానానికి ఉన్నంత ప్రచారం, తరువాత వచ్చిన ఆధారానికి దక్కలేదు.

అలాగని మన పొలం పీతలకు పురుగుమందుతో పనిలేదని కాదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర పరిశోధకులు వరిమళ్ల పీత ఒజియోటెల్ఫూసా సెనెక్స్ సెనెక్స్ మీద దశాబ్దాలుగా పనిచేసి, ఆర్గానోఫాస్ఫరస్ మందులు దాని నాడులను, ఎదుగుదలను ఎలా దెబ్బతీస్తాయో చూపారు. ఇక్కడి సమస్య రైన్ నది సమస్య కాదు. ఆ మందులు డయాక్సిన్లలా ఏళ్ల తరబడి కొవ్వులో కూర్చోవు. కాబట్టి మన దగ్గర చూసుకోవలసింది మందు కొట్టి ఎన్ని రోజులయిందన్నది. ఈమధ్యనే మందు కొట్టిన మడిలో మత్తుగా, నెమ్మదిగా కదులుతున్న పీతను ముట్టకూడదు.

లండన్‌లోనో హాంబర్గ్‌లోనో ఉన్న తెలుగు ఇంటికి అనుమతి ఉన్న జాలరి దగ్గర ఈ పీత దొరికితే, మన వంట పద్ధతిలో ఒక మార్పు చేసుకోవాలి. మనం పెంకు విప్పి, గుజ్జు పోకుండా పులుసులో కలిపేస్తాం. రుచంతా అందులోనే ఉందంటాం, నిజమే. మిటెన్ పీతకు మాత్రం ఉడికించకముందే పెంకు తీసి, మొప్పలు, పొట్ట సంచి, గుజ్జు, గుడ్డు మొత్తం పారేసి, కాళ్లూ డెక్కలూ రొమ్ము ముక్కలూ బాగా కడిగి ఉడికించాలి. ఆ నీళ్లు వంచేసి, పులుసు వేరే నీళ్లతో పెట్టుకోవాలి.